కలిసిన మర్నాడు

(సర్దార్ జమలాపురం కేశవరావు గారి స్మృతిలో ఎర్రుపాలెంలో ఇచ్చిన ఉపన్యాస పాఠం)



కేశవరావు గారి పేరు మీద ఉపన్యాసం ఇవ్వమంటే ఇటలీ ఏకీకరణ గురించి మాట్లాడతానన్నాను. "మన సర్దారు గారికీ ఇటలీకీ ఏం సంబంధమండీ?" అని నిర్వాహకులు అడిగారు. అడగాల్సిన ప్రశ్నే. జవాబు ఈ ఊరి నుంచే మొదలుపెడతాను.

కేశవరావు గారు 1908లో ఇక్కడే పుట్టారు. అప్పుడీ ఊరు నిజాం రాజ్యంలోది, వరంగల్ జిల్లా, మధిర తాలూకా. 1889లో తెరిచిన రైలుదారి మన పక్క నుంచే బెజవాడ పోతుంది. ఆ బండెక్కి ఒక్క స్టేషన్ దాటితే గంగినేని. అది ఇంగ్లీషువాడి ఇలాకా. ఇవతల కచేరీ ఉర్దూలో, అవతల కచేరీ ఇంగ్లీషులో. ఇవతల చెల్లేది హాలీ సిక్కా, అవతల చెల్లేది కల్దారు. ఆరు కల్దారు రూపాయలకు ఏడు హాలీ రూపాయలు. బెజవాడ నుంచి చీరల మూట తెచ్చుకుంటే కరోడ్‌గిరి నాకాలో మూట విప్పి చూపించి సుంకం కట్టాలి. పిల్లనివ్వడాలు, తెచ్చుకోవడాలు మాత్రం ఎల్ల చూసుకుని జరగలేదు. జమలాపురం గుట్ట మీది వేంకటేశ్వరుడికి మొక్కుకునేవాళ్ళు ఆనాడూ రెండు వైపుల నుంచీ వచ్చారు, ఇవాళా వస్తున్నారు. ఒకే మాట, ఒకే దేవుడు, ఒకే వియ్యం, రెండు సర్కార్లు. పందొమ్మిదో శతాబ్దం మొదటి సగంలో ఇటలీ పరిస్థితి ఇదే. కాకపోతే అక్కడ సర్కార్లు రెండు కాదు, ఏడెనిమిది.

ఇక 1860 సంగతి. ఆ ఏడు మే నెలలో గారిబాల్డీ వెయ్యిమంది వాలంటీర్లతో సిసిలీ దీవిలో మర్సాలా రేవున దిగాడు. అదే ఏడు హైదరాబాదులో నిజాముకూ ఇంగ్లీషువాళ్ళకూ కొత్త ఒడంబడిక కుదిరింది. నిజాం బాకీ చెల్లుబెట్టారు, రాయచూరు అంతర్వేది తిరిగి ఇచ్చారు, బదులుగా గోదావరి ఎడమ గట్టు తాలూకాలు తీసుకున్నారు. భద్రాచలం అలా చేతులు మారింది. సిసిలీలో దేశం పుడుతున్న ఏడాదే ఇక్కడ మన రాముడి గుడి ఒక లెక్కల పుస్తకంలోంచి ఇంకో లెక్కల పుస్తకంలోకి పోయింది. ఇందులో విధి ఏమీ లేదు, తేదీలు కలిశాయంతే. అయినా ఆ ఏటి ఇటలీలో ఒక ఊరికి జరిగిందే భద్రాచలానికీ జరిగింది. దాని దగ్గరికి చివర్లో వస్తాను.

ఇటలీ కథ మన దేశభక్తులకు కంఠోపాఠం. సురేంద్రనాథ్ బెనర్జీ బెంగాలు కుర్రాళ్ళకు మాజినీ గురించి ఉపన్యాసాలిచ్చారు. లాలా లజపతిరాయ్ మాజినీ, గారిబాల్డీల జీవితాలు ఉర్దూలో రాశారు. సావర్కర్ మాజినీని మరాఠీలోకి తెచ్చారు. జెనోవాలో పుట్టి, 1831లో మార్సేల్స్‌లో ప్రవాసంలో ఉంటూ 'యువ ఇటలీ' స్థాపించి, మరణశిక్ష పడి దేశాలు పట్టి తిరిగిన మనిషి మన కుర్రాళ్ళకు ఋషిలా కనిపించాడంటే ఆశ్చర్యం లేదు. కానీ ఆ కథను చివరిదాకా చదివినవాడు నాకు తెలిసి గాంధీ ఒక్కడే. 1909లో రాసిన 'హింద్ స్వరాజ్'లో ఇటలీ మీద ప్రత్యేకంగా ఒక అధ్యాయం పెట్టాడు. ఇటలీ మీద పెత్తనం చేసిన ఆస్ట్రియావాడు పోయాడు సరే, ఇటలీ రైతు, కూలీ బతుకు ఏమైంది అన్నది ఆయన ప్రశ్న. మాజినీ కోరిన ఇటలీ వేరు, ప్రధాని కావూరూ రాజుగారూ తయారుచేసిన ఇటలీ వేరు అని తేల్చాడు. దేశభక్తి పుస్తకాలు జెండా ఎగిరిన పేజీ దగ్గర మూసేస్తారు మనవాళ్ళు. గాంధీ తర్వాతి పేజీ తిప్పాడు.

నేనీ పూట ఆ తర్వాతి పేజీ గురించే మాట్లాడతాను. కలిసిన రోజు గురించి కాదు, కలిసిన మర్నాడు కచేరీలో ఎవరి కాగితం చెల్లింది, ఎవరి కుర్చీ కదిలింది, ఎవరి పన్ను ఎవరి నెత్తిన పడింది అన్నదాని గురించి. జాతులు భాషతో దగ్గరవుతాయి, పాటలతో దగ్గరవుతాయి. దూరమయ్యేది మాత్రం ఎప్పుడూ కచేరీ దగ్గరే. ఇటలీలోనూ అంతే, మన దగ్గరా అంతే.

ఇటలీని కలిపింది పీడ్‌మాంట్ రాజ్యం. ఉత్తరాన ఆల్ప్స్ కింద చిన్న రాజ్యం, రాజధాని టూరిన్. 1852 నుంచి అక్కడ ప్రధానమంత్రి కావూర్. మహా మేధావి. ఫ్రెంచిలో ఆలోచించే ఇటాలియన్. టస్కనీ దాటి దక్షిణానికి ఒక్కసారీ పోనివాడు. తను ఏలబోయే నేపుల్స్‌ను కళ్ళతో చూడకుండానే ఏలాడు, 1861 జూన్‌లో చనిపోయాడు. 1861 మార్చి 17న ఇటలీ రాజ్యాన్ని ప్రకటించారు. రాజు విక్టర్ ఇమాన్యుయేల్. కొత్త దేశానికి మొదటి రాజు కాబట్టి 'మొదటి' విక్టర్ ఇమాన్యుయేల్ అనాలి కదా? లేదు. పీడ్‌మాంట్‌లో ఆయన ఆ పేరు వరసలో 'రెండో'వాడు, ఇటలీకీ రెండోవాడే అయ్యాడు. కొత్త దేశపు మొదటి పార్లమెంటును మొదటిదని లెక్కపెట్టలేదు. పీడ్‌మాంట్ వరసలో ఎనిమిదోది అన్నారు. నేపుల్స్ మనిషి ఆ రెండు అంకెలు చూస్తే చాలు, అర్థమైపోతుంది: మనం కలవలేదు, మనల్ని కలుపుకున్నారు.

అంకెల వెనకే అధికారులు వచ్చారు. పీడ్‌మాంట్ చట్టాలు, పీడ్‌మాంట్ పన్నులు, పీడ్‌మాంట్ సుంకాల పట్టీ. ఆ తక్కువ సుంకాలకు నేపుల్స్ మిల్లులు మూతపడ్డాయి. అంతకుముందు ఏలిన బోర్బన్ రాజుల కింద సిసిలీ వాళ్ళకు నిర్బంధ సైనిక సేవ లేదు. కొత్త దేశం వచ్చీ రాగానే కొడుకుల్ని పట్టాళానికి పట్టుకుపోయింది. ఒక్కో ప్రాంతానికి కొంత స్వపరిపాలన ఇద్దామని మింగెత్తి అనే మంత్రి 1861లో బిల్లు పెట్టాడు. దాన్ని పక్కన పడేశారు. దక్షిణమంతా అల్లర్లు. ప్రభుత్వం వాటికి బందిపోటుతనం అని పేరు పెట్టి లక్షకు తక్కువ కాని సైన్యాన్ని దింపింది, 1863లో ప్రత్యేక చట్టం చేసి సైనిక కోర్టులతో కాల్చిచంపింది. మింగెత్తి అడిగిన ప్రాంతీయ సభలు దేశమంతటా రావడానికి 1970 పట్టింది. వందేళ్ళు దాటింది.

జనం ఒప్పుకోలేదా అంటే, ఒప్పుకున్నారు. ఓటు పెట్టారు. 1860 అక్టోబరులో నేపుల్స్ రాజ్యంలో అవునన్నవాళ్ళు 13 లక్షల పైచిలుకు, కాదన్నవాళ్ళు 10 వేల పైచిలుకు. ఎలా పెట్టారో కూడా చూడండి. అవును డబ్బా ఒకటి, కాదు డబ్బా ఒకటి, బల్ల మీద బాహాటంగా. ఊరి పెద్దలు, తుపాకీ పట్టుకున్న గార్డులు చూస్తుండగా కాదు డబ్బా వైపు చెయ్యి చాపగల మొనగాడెవడు? లాంపెదూసా అనే సిసిలీ జమీందారు 'ది లెపర్డ్' అనే నవల రాశాడు, 1958లో అచ్చయింది. అందులో ఒక ఊళ్ళో ఓట్లన్నీ అవును, కాదు సున్నా అని ప్రకటిస్తారు. చర్చిలో ఆర్గన్ వాయించే పేదవాడు, కాదని వేసిన నా ఓటేమైందని వాపోతాడు. ఆ ఒక్క ఓటును లెక్కపెట్టి ఉంటే కొంప మునిగేదేమీ లేదు. అవునే గెలిచేది. అయినా మింగేశారు.

బ్రోంతే అనే ఊరి సంగతి చెప్పకుండా ముందుకు పోలేను, ఎందుకంటే అది మనకు బాగా తెలిసిన కథ. సిసిలీ రైతులు గారిబాల్డీని ఎందుకు స్వాగతించారు? భూములు వస్తాయని. 1860 ఆగస్టులో బ్రోంతే రైతులు ఆగలేక లేచారు, రక్తపాతం జరిగింది. అణచడానికి గారిబాల్డీ సేనాని బిక్సియో వచ్చి, పైపైన విచారణ జరిపి ఐదుగుర్ని కాల్చి చంపించాడు. విముక్తి సైన్యం తుపాకీ పేలింది పేదవాడి మీద.

మన దగ్గర 1948 సెప్టెంబరు 13న హైదరాబాదులోకి భారత సైన్యం వచ్చింది, 17 నాటికి నిజాం లొంగిపోయాడు. రజాకార్ల పీడ విరగడైంది. తెలంగాణ పల్లె ఆ సైన్యానికి చేతులెత్తి మొక్కింది, మొక్కాల్సిందే. తర్వాత? పారిపోయిన దేశ్‌ముఖులు తిరిగి వచ్చారు. పంచుకున్న భూములు వెనక్కి గుంజుకున్నారు. 1951 దాకా అదే సైన్యం రైతుల్ని వేటాడింది. కమ్యూనిస్టు దళాలు పాల్వంచ, ఇల్లెందు అడవుల్లోకి తప్పుకుంటే కోయ గూడేలను ఖాళీ చేయించి, జనాన్ని రోడ్ల పక్క శిబిరాల్లోకి తోలారని ఆ పార్టీ నాయకులు సుందరయ్య గారు తమ పుస్తకంలో వివరంగా రాశారు. ఆ కోయ మనిషిని నిజాం అడగలేదు, యూనియన్ అడగలేదు, విశాలాంధ్ర అడగలేదు. ఈ మాట మళ్ళీ వస్తుంది.

కేశవరావు గారు కమ్యూనిస్టు కాదు. ఆ చీలిక ఆయన కళ్ళ ముందే జరిగింది. 1921లో హైదరాబాదు వివేకవర్ధిని సభలో ఆలంపల్లి వెంకటరామారావు గారు తెలుగులో మాట్లాడబోతే గేలిచేసి కూర్చోబెట్టారు. నిజాం రాజ్యంలో సగానికి దగ్గరగా ఉన్న జనం భాష అది. ఆ అవమానం నుంచి ఆంధ్రజన సంఘం పుట్టింది, 1930లో జోగిపేటలో ఆంధ్ర మహాసభ పుట్టింది. సురవరం ప్రతాపరెడ్డి గారు మొదటి అధ్యక్షులు. మన ఖమ్మంలో 1934లో జరిగింది, 1945లో మళ్ళీ జరిగింది. ఆ రెండు ఖమ్మాల మధ్య సభ రెండుగా చీలింది. 1944లో భువనగిరిలో రావి నారాయణరెడ్డి గారి పక్షం ఒకవైపు, జాతీయవాదులు ఇంకొకవైపు. ఆ జాతీయవాదుల పక్షం 1946లో మెదక్ జిల్లా కందిలో జరిపిన సభకు అధ్యక్షులు మన కేశవరావు గారు. ఆ తర్వాత ఆ పక్షం స్టేట్ కాంగ్రెస్‌లో కలిసిపోయింది. 1947 ఆగస్టు 7న యూనియన్‌లో చేరాలంటూ స్టేట్ కాంగ్రెస్ సత్యాగ్రహానికి పిలిస్తే ఈయన మధిరలో నిలబడ్డారు, జైలుకెళ్ళారు. 1953 మార్చిలో చనిపోయారు. అక్టోబరులో వచ్చిన ఆంధ్ర రాష్ట్రాన్ని చూడలేదు, అదే రోజు పుట్టిన ఖమ్మం జిల్లానూ చూడలేదు. జమీందారీ కుటుంబంలో పుట్టి కాలినడకన పల్లెలు తిరిగిన మనిషి. ఆయన విశాలాంధ్ర గురించి ఏమనేవారో ఆయన నోట్లో మాట పెట్టే పని నేను చెయ్యను. చనిపోయినవాళ్ళను రెండు పార్టీలూ తమ జెండా కింద నిలబెట్టుకోవడం మనం చూస్తూనే ఉన్నాం.

ఇటలీకీ మనకూ ఒక పెద్ద తేడా ఇక్కడ ఉంది. అక్కడ రాజ్యం ముందు వచ్చింది, జనం తర్వాత. 1861లో ఇటాలియన్ మాట్లాడగలిగిన వాళ్ళు నూటికి రెండున్నర మంది అని ఒక అంచనా, పది మంది అని ఇంకో అంచనా. మిగతావాళ్ళవి వెనీషియన్, నేపుల్స్ మాట, సిసిలీ మాట. చదువు రానివాళ్ళు నూటికి డెబ్బైకి పైనే. మన దగ్గర రాజ్యం లేదు గానీ, శ్రీకాకుళం మనిషీ ఆదిలాబాదు మనిషీ ఎదురుపడితే నవ్వుకుంటూనైనా మాట్లాడుకోగలరు. 1934లో సురవరం వారు 'గోలకొండ కవుల సంచిక' వేసి 354 మంది కవుల్ని చూపించారు, తెలంగాణలో కవులు లేరన్నవాళ్ళకు జవాబుగా. అంటే ఇటలీకి లేనిది మనకు ముందే ఉంది. అయినా ఏభై ఎనిమిదేళ్ళకు విడిపోయాం. భాష చాలదని తేలడానికి ఇంతకంటే సాక్ష్యం ఎందుకు?

మనవాళ్ళు అమాయకంగా కలిశారని అనుకోవద్దు. మనది ఒప్పందాలు రాసుకునే జాతి. అటు ఇంగ్లీషు ఇలాకాలోనూ అదే పేరుతో వేరే ఆంధ్ర మహాసభ ఉంది, 1913లో బాపట్లలో అది జరిగినప్పటి నుంచే రాయలసీమకు అనుమానాలున్నాయి. 1937 నవంబరు 16న మద్రాసులో కాశీనాథుని నాగేశ్వరరావు గారి ఇంట శ్రీబాగ్ ఒడంబడిక రాసుకున్నారు. రాజధాని గానీ హైకోర్టు గానీ సీమ కోరుకున్నది సీమకు, నీళ్ళలో ముందు హక్కు. పొట్టి శ్రీరాములు గారు 1952 డిసెంబరు 15న ప్రాణమిస్తే, 1953 అక్టోబరు 1న కర్నూలు రాజధానిగా ఆంధ్ర రాష్ట్రం వచ్చింది. మూడేళ్ళ ఒక నెలకు ఆ రాజధాని హైదరాబాదు పోయింది. ఇటలీలో టూరిన్ నుంచి రాజధానిని ఫ్లారెన్స్‌కు మారుస్తున్నామంటే 1864లో టూరిన్ జనం వీధుల్లోకి వచ్చారు, కాల్పుల్లో పదుల మంది చనిపోయారు. కర్నూలు వాళ్ళు గుడారాలు విప్పి పంపించారు. సీమ మనిషి మర్యాదకు మనం ఇప్పటికీ సరిగ్గా లెక్క చెప్పలేదు.

హైదరాబాదు విషయంలో ఫజల్ అలీ కమిషన్ 1955లో తొందరపడొద్దంది. తెలంగాణను హైదరాబాదు రాష్ట్రంగా ఉంచండి, 1961 ఎన్నికల తర్వాత ఆ శాసనసభలో మూడింట రెండొంతుల మంది కోరితే అప్పుడు కలపండి అంది. నన్నడిగితే, ఇటలీ వాళ్ళ డబ్బాల ఓటింగు కంటే వందరెట్లు పెద్దమనిషి తరహా సలహా. ఆగలేదు. 1956 ఫిబ్రవరి 20న ఢిల్లీలో హైదరాబాద్ హౌస్‌లో అటు నలుగురు, ఇటు నలుగురు కూర్చుని పెద్దమనుషుల ఒప్పందం రాసుకున్నారు. అటు బెజవాడ గోపాలరెడ్డి, నీలం సంజీవరెడ్డి, గౌతు లచ్చన్న, అల్లూరి సత్యనారాయణరాజు. ఇటు బూర్గుల రామకృష్ణారావు, కొండా వెంకట రంగారెడ్డి, మర్రి చెన్నారెడ్డి, జె.వి. నర్సింగరావు. నవంబరు 1న ఆంధ్రప్రదేశ్.

ఇప్పుడు మర్నాడు చూడండి. ముఖ్యమంత్రి ఒక ప్రాంతం నుంచి వస్తే ఉపముఖ్యమంత్రి రెండో ప్రాంతం నుంచి అని రాసుకున్నారు. సంజీవరెడ్డి గారు ముఖ్యమంత్రి అయ్యారు, ఉపముఖ్యమంత్రి కుర్చీ వెయ్యలేదు. ఆంధ్ర వాళ్ళకు 1955లో ఎన్నికలయ్యాయి కదా అని 1957లో తెలంగాణ ఒక్కదానికే ఎన్నికలు పెట్టారు, ఆంధ్ర సభ్యులు అలాగే కొనసాగారు. అంటే రాష్ట్రమంతా ఒకేసారి ఓటు వేసింది 1962లో. ఆ ఎనిమిదో పార్లమెంటు గుర్తుకు రావడం లేదూ? ఇక ముల్కీ ఉద్యోగాలు. స్థానికుల ఉద్యోగాలు స్థానికులకే అని 1957లో చట్టం చేశారు, అమలు ఎట్లా జరిగిందో 1969 చెప్పింది. ఆ మంట రాజుకున్నది హైదరాబాదులో కాదు, మన జిల్లాలో. పాల్వంచ థర్మల్ స్టేషన్ ఉద్యోగాల దగ్గర మొదలై, జనవరిలో ఖమ్మంలో ఒక విద్యార్థి నిరాహారదీక్షకు కూర్చోవడంతో రాష్ట్రమంతా పాకింది. మార్చిలో సుప్రీంకోర్టు ఆ చట్టంలో తెలంగాణకు సంబంధించిన భాగాన్ని కొట్టేసింది. 1972లో అదే కోర్టు ముల్కీ నిబంధనలు చెల్లుతాయంటే అటువైపు జై ఆంధ్ర ఉద్యమం లేచింది. ఒకే కాగితం చెల్లదంటే ఒక ప్రాంతం తగలబడింది, చెల్లుతుందంటే ఇంకో ప్రాంతం తగలబడింది. తర్వాతి కథ మీరంతా చూసినదే: ఆరు సూత్రాలు, 610 జీవో, 2009 డిసెంబరు 9, 2014 జూన్ 2. మధ్యలో కాల్పుల్లో పోయినవాళ్ళు, తమ ప్రాణం తామే తీసుకున్న పిల్లలు.

భాష సంగతీ ఒక్క మాట. ఇటలీలో మాంజోనీ అనే నవలాకారుడు తన పుస్తకాన్నంతా ఫ్లారెన్స్ పలుకుబడిలోకి తిరగరాసి దేశానికి ఒక ప్రమాణం ఇచ్చాడు. మన దగ్గర గిడుగు వారు గ్రాంథికం కోట బద్దలుకొట్టారు, మహోపకారం. కానీ ఆ ఖాళీలోకి వచ్చి కూర్చున్నది కృష్ణా గోదావరి మాట. తెలంగాణ మాటను సినిమాలో హాస్యగాడికి, రౌడీకి ఇచ్చారు. ఇప్పుడు తెలుగుకు రెండు భాషాదినోత్సవాలు, ఆగస్టు 29న గిడుగు జయంతి, సెప్టెంబరు 9న కాళోజీ జయంతి. ఎర్రుపాలెం వాళ్ళం ఏ మాట మాట్లాడతామో మనకే తెలియదు. మధిరలో 'వచ్చినవా' అంటాం, మైలవరం పోతే 'వచ్చావా' అంటాం. రెండు దినోత్సవాలకూ సెలవు లేదు కాబట్టి పేచీ లేదు.

ఇటలీలో దక్షిణం విడిపోలేకపోయింది. విడిపోయే దారి లేదు. మనం విడిపోగలిగాం, ఒక చట్టంతో. పార్లమెంటులో తలుపులు మూసి, టీవీ ప్రసారం ఆపి, పెప్పర్ స్ప్రే కొట్టుకుని, అసహ్యంగానే విడిపోయాం. అయినా సైన్యం కదల్లేదు. కారణం మన పెద్దమనసు కాదు, పైన ఒక పెద్ద యూనియన్ ఉండటం. ఇంట్లో ఎవరు విడికాపురం పెట్టినా వీధి మారలేదు. కాబట్టి విడిపోవడాన్ని నేను తెలుగుజాతి చావు అనను, కలవడాన్ని కుట్ర అనీ అనను. 1956లో కలిసినవాళ్ళలో నిజమైన ప్రేమతో కలిసినవాళ్ళు ఉన్నారు. మోసపోయింది కూడా ఎక్కువగా వాళ్ళే.

ఎల్ల గీసేటప్పుడు ఎల్ల మీద ఉన్నవాణ్ణి అడగరు. కలిసినప్పుడూ అంతే, విడిపోయినప్పుడూ అంతే. గారిబాల్డీ పుట్టిన ఊరు నీస్. ఫ్రాన్సు సాయానికి ధరగా నీస్‌నూ సవాయ్‌నూ ఇచ్చేస్తానని కావూర్ 1858లో మూడో నెపోలియన్‌తో బేరమాడుకున్నాడు. 1860 ఏప్రిల్‌లో నీస్‌లో ఓటు పెట్టించారు. అవును 25 వేల పైన, కాదు 160. ఇటలీని కలపడానికి ప్రాణం పెట్టిన మనిషి పుట్టిన ఊరు ఇటలీకి కాకుండా పోయింది. నా సొంత దేశంలోనే నన్ను పరాయివాణ్ణి చేశావని 1861లో పార్లమెంటులో కావూర్ మీద విరుచుకుపడ్డాడు. మాజినీ గతి కూడా అంతే. 1872లో పీసాలో చనిపోయేనాటికి బ్రౌన్ అనే దొంగపేరుతో దాక్కుని ఉన్నాడు, తాను కలగన్న దేశంలోనే.

మన నీస్ భద్రాచలం. 1860 దాకా నిజాముది. తర్వాత సిరొంచా కేంద్రంగా మధ్యరాష్ట్రాల్లో ఎగువ గోదావరి జిల్లా. 1874లో మద్రాసు ప్రెసిడెన్సీ, గోదావరి జిల్లా. తర్వాత తూర్పు గోదావరి. 1953లో ఆంధ్ర, 1956లో ఆంధ్రప్రదేశ్, 1959లో ఖమ్మం జిల్లా. 2014లో తెలంగాణ, 2016లో భద్రాద్రి కొత్తగూడెం. రాముడు కదల్లేదు, ఆయన తాలూకా కచేరీ మాత్రం తిరుగుతూనే ఉంది. నేలకొండపల్లి గోపన్న మన మనిషి. పాల్వంచ పరగణా తహశీల్దారుగా సర్కారు సొమ్ముతో గుడి కట్టించి ఖైదు పాలయ్యాడు. ఆయన కాలంలోనూ పేచీ వచ్చింది కచేరీ లెక్కలోనే.

2014 మే చివర్లో, రాష్ట్రం ఏర్పడటానికి నాలుగు రోజుల ముందు, పోలవరం ముంపు కోసమని ఆర్డినెన్స్ తెచ్చారు. కూనవరం, చింతూరు, వి.ఆర్.పురం, కుక్కునూరు, వేలేరుపాడు, బూర్గంపాడులో కొంత, పట్టణం మినహా భద్రాచలం మండలం, ఇవన్నీ ఆంధ్రప్రదేశ్‌లో కలిశాయి. ఏప్రిల్ 30న ఆ జనం తెలంగాణ ఎన్నికల్లో ఓటు వేసి ఉన్నారు. వాళ్ళు గెలిపించిన ఎమ్మెల్యేలు హైదరాబాదులో తెలంగాణ శాసనసభలో కూర్చున్నారు. వాళ్ళ పింఛను, రేషను, పోలీసు స్టేషను ఆంధ్రప్రదేశ్‌వి. 2019 దాకా తమను ఏలే శాసనసభలో తాము ఎన్నుకున్న మనిషి ఒక్కరూ లేకుండా బతికారు. నీస్ వాళ్ళకు డబ్బాలన్నా పెట్టారు, ఇక్కడ అదీ లేదు. గోదావరి కింద మునగబోయేది ఎక్కువగా కోయ, కొండరెడ్డి ఊళ్ళు. కోయవాడి మాట తెలుగు కాదు, వాడి చుట్టాలు ఛత్తీస్‌గఢ్‌లో, ఒడిశాలో, రెండు తెలుగు రాష్ట్రాల్లో ఉన్నారు. మన ఐక్యతలోనూ మన విభజనలోనూ వాడు ఎప్పుడూ సర్వే నంబరే.

దేవుడికీ పంపకం తప్పలేదు. శ్రీరామనవమికి పట్టువస్త్రాలు, తలంబ్రాలు భద్రాచలానికి పంపే ఆనవాయితీ తెలంగాణకు మిగిలింది. ఆంధ్రప్రదేశ్ తన అధికారిక కల్యాణాన్ని కడప జిల్లా ఒంటిమిట్టలో పెట్టుకుంది. భద్రాద్రి రాముడి మాన్యాలు చాలావరకు పురుషోత్తపట్నంలో ఉన్నాయి, అది ఇప్పుడు ఆంధ్రప్రదేశ్. గుడి ఒక రాష్ట్రంలో, గుడి పొలం ఇంకో రాష్ట్రంలో. ఆక్రమణ జరిగిందని ఈ దేవస్థానం వాళ్ళు ఫిర్యాదు చేయాలంటే ఆ ఠాణాకు పోవాలి. భద్రాచలం నుంచి దుమ్ముగూడెం, చర్ల పోవాలంటే తెలంగాణలోంచి ఆంధ్రలోకి, ఆంధ్రలోంచి మళ్ళీ తెలంగాణలోకి.

ఎటపాక, గుండాల, పురుషోత్తపట్నం, కన్నాయిగూడెం, పిచుకలపాడు. భద్రాచలాన్ని ఆనుకున్న ఈ ఐదు పంచాయతీల వాళ్ళు మమ్మల్ని తిరిగి తెలంగాణలో కలపండి అని పదేళ్ళకు పైగా అడుగుతున్నారు. 2022 జూలైలో గోదావరి భద్రాచలం దగ్గర 71.3 అడుగులకు వచ్చినప్పుడు ఆ మాట ఇంకా గట్టిగా వినిపించింది. పక్కనే ఉన్న పట్టణం వేరే రాష్ట్రం, తమ జిల్లా కేంద్రం అప్పటికి కొండలవతల పాడేరు. హైదరాబాదులో కొందరు ఆ ఐదు ఊళ్ళు మావే అంటారు. అమరావతిలో కొందరు ఒక్క గజం ఇవ్వం అంటారు. ఇద్దరూ పటం చూసి మాట్లాడేవాళ్ళే.

నా అభిప్రాయం సూటిగా చెప్తాను. ఆ ఐదు పంచాయతీల్లో ఓటు పెట్టాలి. రెండు డబ్బాల ఓటు కాదు, చాటు ఓటు. రెండు రాష్ట్రాల అధికారులు కాకుండా ఎన్నికల సంఘమే జరపాలి. గూడేల్లో కోయ భాషలో చదివి వినిపించాలి. ఊరు మునుగుతుందని ఇప్పటికే పునరావాస కాలనీలకు పంపించినవాళ్ళ పేర్లు జాబితాలో ఉండాలి. రాష్ట్ర సరిహద్దులు మార్చే అధికారం రాజ్యాంగం మూడో అధికరణ కింద పార్లమెంటుదే కాబట్టి ఆ ఓటు చట్టరీత్యా ఎవర్నీ కట్టిపడెయ్యదు, తెలుసు. 1956లో శాసనసభ అభిప్రాయమూ కట్టిపడెయ్యలేదు, 2014లోనూ లేదు. అయినా కాదన్నవాళ్ళ ఓట్లతో సహా పంచాయతీ వారీగా లెక్కపెట్టి, ఆ అంకెలు ఎటపాక మండల కార్యాలయం గోడకూ, భద్రాచలం తహశీల్దారు కార్యాలయం గోడకూ ఒకే రోజు అంటించాలి.